కాలనీ పర్యావరణ కమిటీ నడపడం ఎలా? మీ వీధి సైడు కాలువ దగ్గర మొదలుపెట్టండి

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్లు ఎలా మునిగాయో ఇక్కడివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. చాలా గోడల మీద ఆ నీటి గీత ఇంకా కనబడుతూనే ఉంది. ఆ వరద వీధి కాలువల వల్ల రాలేదు, ఎగువన బుడమేరు గట్లకి పడ్డ గండ్ల వల్ల వచ్చింది, అది ఏ కాలనీ కమిటీ ఆపగలిగేది కాదు. కానీ నీళ్లు తీసేశాక పక్క వీధి ఆరిపోయి మా వీధిలో మాత్రం ఇంకా మోకాలి లోతు నిలిచే ఉంటే ఎందుకని వెళ్లి చూశాం. మలుపు దగ్గర కల్వర్టులో పాల ప్యాకెట్లు, కర్రీ పాయింట్ కవర్లు, కొబ్బరి బోండాం డొక్కలు, ఎవరో ఇల్లు కట్టుకున్నప్పుడు వదిలేసిన ఇసుక, అన్నీ కలిసి గోడ కట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. అది మాత్రం మా చేతిలో పని. అక్కడి నుంచే మా కమిటీ మొదలైంది, కాబట్టి నేను చెప్పే పద్ధతి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

1. కమిటీ కంటే ముందు కాలువ వెంట నడక

కమిటీ అనగానే పేరేం పెట్టాలి, అధ్యక్షుడు ఎవరు, బ్యానర్ ఎక్కడ కట్టాలి అని మాటలు మొదలవుతాయి. అవన్నీ తర్వాత పెట్టుకోండి. ఒక ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే, నలుగురైదుగురు కలిసి మీ వీధి సైడు కాలువ ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి అది పెద్ద డ్రైన్‌లో కలిసే చోటు దాకా నడవండి. చేతిలో ఒక నోట్‌బుక్, సుద్దముక్క, కొలిచే టేపు, ఫోన్ ఉంటే చాలు.

పలకలు ఎక్కడ పగిలాయి, ఎక్కడ ర్యాంపు కట్టి కాలువ మూసేశారు, ఎక్కడ నీళ్లు కదలకుండా పచ్చగా ఉన్నాయి, ఎక్కడ ఏ రకం చెత్త ఇరుక్కుంది, ఇవన్నీ డోర్ నంబర్లతో రాసుకోండి. మనుషుల పేర్లు మాత్రం రాయొద్దు. పేరు రాస్తే అది గొడవ అవుతుంది, డోర్ నంబర్ రాస్తే అది చోటు గుర్తు అవుతుంది. ఇరుక్కున్న చెత్త రకాన్ని జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే మీ కమిటీ చేయాల్సిన పనులన్నీ దాదాపు అందులోనే కనిపిస్తాయి. కర్రీ పాయింట్ కవర్లే ఎక్కువుంటే ఆ షాపుతోనూ, అక్కడ కూర తెచ్చుకునే మనతోనూ మాట్లాడాలి. ఇసుక, సిమెంటు ముద్దలు ఉంటే ఇల్లు కడుతున్నవాళ్లతో మాట్లాడాలి. అన్నం మెతుకులు, కూరగాయ తొక్కలు ఉంటే చెత్త బండి వచ్చే టైము వీధిలో సగం మందికి కుదరట్లేదని అర్థం.

నడిచేటప్పుడు వీధిలో పెద్దవాళ్లని ఒకరిద్దరిని అడగండి, పూర్వం వాన నీళ్లు ఎటు పోయేవని. మా వీధిలో ఒక మామ్మగారు అరుగు మీద కూర్చునే, ఇప్పుడు షెడ్డు ఉన్న చోట ఒకప్పుడు కాలువ ఉండేదని వేలుపెట్టి చూపించారు. ఏ మ్యాపులోనూ మాకు ఆ సంగతి దొరకలేదు.

2. ఏడుగురు చాలు

ఏడు నుంచి పదకొండు మంది దాకా ఉంటే పని నడుస్తుంది. సగం మంది ఆడవాళ్లు ఉండేలా చూసుకోండి, ఎందుకంటే మన ఇళ్లలో చెత్త ఏ కవర్లో పడుతుందన్నది వంటింట్లోనే తేలుతుంది. సొంత ఇంటివాళ్లతో పాటు అద్దెకి ఉండేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. వీలైతే టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు ఒకరు, ఆటో నడిపేవాళ్లు ఒకరు, కాలేజీ పిల్లలు ఒకరిద్దరు. పార్టీల్లో తిరిగేవాళ్లు వస్తామంటే రానివ్వండి, కండువా మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి. ఈ మాట మొదటి రోజే, అందరి ముందూ, మర్యాదగా చెప్పెయ్యాలి. తర్వాత చెప్తే ఎవరో ఒకరిని ఉద్దేశించి అన్నట్టు అవుతుంది.

రిజిస్ట్రేషన్ వెంటనే అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు ఉంటే సంఘంగా నమోదు చేసుకోవచ్చు, కమిటీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఎవరైనా పెద్ద విరాళం ఇస్తామన్నా అప్పుడు చేసుకోండి. ఈలోగా వసూలు చేసిన ప్రతి రూపాయీ, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ నెలకోసారి గుడి దగ్గరో అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో కాగితం మీద రాసి అంటించండి. యాభై రూపాయల లెక్క తేలక విడిపోయిన కమిటీలు నేను చూశాను, అప్పటిదాకా కలిసి చీపుళ్లు పట్టినవాళ్లే తర్వాత ఎదురుపడితే తల తిప్పుకుని పోతుంటే చాలా బాధేసింది.

మీటింగుకి ఒక రోజు, ఒక టైము ఖాయం చేసుకోండి. రాష్ట్రమంతా స్వర్ణాంధ్ర స్వచ్ఛాంధ్ర కార్యక్రమం 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం జరుగుతోంది. మీ వీధి పనిని కూడా ఆ రోజుకే పెట్టుకుంటే అధికారులు ఎలాగూ బయటే ఉంటారు, మనుషులూ పనిముట్లూ అడగడం తేలిక.

3. ఏ పని ఎవరిదో తెలుసుకుని అడగడం

సైడు కాలువ, చెత్త బండి, వీధి ఊడవడం నగరపాలక సంస్థ పని. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఊరి మధ్యగా పోయే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మాత్రం జలవనరుల శాఖవి. కాలువ గట్టు మీద చెత్త గురించి వెళ్లి అడిగితే వీళ్లు వాళ్లని, వాళ్లు వీళ్లని చూపించడం అక్కడే మొదలవుతుంది. అందుకని అలాంటి చోట్లకి ఒకే అర్జీ రెండు ఆఫీసులకీ ఇచ్చి, ఒక దాంట్లో రెండోదానికి కూడా ఇచ్చామని రాయండి. కరెంటు తీగలకి తగిలే కొమ్మలు విద్యుత్ సంస్థవాళ్లు కొట్టాలి. చెట్టు మొత్తం తీసేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉండాలి, ఎవరో పొద్దున్నే రంపం తెచ్చి మొదలుపెడితే కమిటీ మొదట అడగాల్సింది ఆ అనుమతి కాగితమే.

మీ వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి, సదుపాయాలు చూసే కార్యదర్శి అని వేరువేరుగా ఉద్యోగాలు ఉన్నాయి. వాళ్లని ముందు కలవండి, ఫిర్యాదు పట్టుకుని కాకుండా, మీరు నడిచి రాసుకున్న నోట్‌బుక్ పట్టుకుని.

మేము మొదటిసారి ఇచ్చిన అర్జీలో "మా కాలనీలో డ్రైన్లు సరిగా లేవు, తగు చర్యలు తీసుకోగలరు" అని రాశాం. ఎవరూ రాలేదు. రెండోసారి ఇలా రాశాం, మీరూ దీన్నే మార్చుకుని వాడుకోండి:

"ఫలానా వీధిలో ఫలానా డోర్ నంబర్ ఎదుట నుంచి ఫలానా డోర్ నంబర్ వరకు సుమారు 40 మీటర్ల పొడవున సైడు కాలువ పూడిపోయింది. మూడు చోట్ల పలకలు విరిగాయి, ఫోటోలు జతపరిచాం. ఫలానా తేదీన పడిన వానకి నీళ్లు ఆరు గంటల పాటు నిలిచాయి. పూడిక తీయించి, తీసిన పూడికను రెండు రోజుల్లో అక్కడి నుంచి ఎత్తించవలసిందిగా కోరుతున్నాం. పని జరిగే రోజు కమిటీ నుంచి ఇద్దరం అక్కడ ఉంటాం."

పూడిక ఎత్తించడం అన్న మాట తప్పకుండా రాయండి. తీసిన మట్టి కాలువ పక్కనే కుప్పపోసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలోకి జారిపోతుంది, చేసిన కష్టమంతా అందులోనే కలిసిపోతుంది. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు వస్తుంది, దాన్ని కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి. ఎన్ని నెలలైనా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజుతో ఆ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారని అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అయితే దాన్ని చివరికి ఉంచుకోండి. రోజూ కలిసి పనిచేయాల్సిన మనుషులతో మొదటి రోజే కాగితాల యుద్ధం మంచిది కాదు.

ఇంకొకటి, ఇది ప్రాణాల సంగతి కాబట్టి కొంచెం గట్టిగా చెప్తున్నాను. ఉత్సాహం కొద్దీ మీరుగానీ, కూలి ఇచ్చి ఇంకొకరినిగానీ మురుగు కాలువలోకి, మ్యాన్‌హోల్‌లోకి దించకండి. మనుషుల్ని అలా దించి పాకీ పని చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం, లోపలి విషవాయువుకి నిమిషాల్లో ప్రాణం పోతుంది. పైనుంచి పారతో, పొడుగు కర్ర కొక్కెంతో అందినంతవరకే మన పని.

4. చెత్త వేరుచేయడం, ఒక్క వీధిలోనే

తడి, పొడి, ప్రమాదకర చెత్తని ఇంట్లోనే విడదీయాలని 2016 నిబంధనల్లోనే చెప్పారు. అయినా చాలా వీధుల్లో జరగదు, ఎందుకంటే కాలనీ మొత్తానికి ఒకేసారి కరపత్రం పంచేసి వదిలేస్తారు. మీరు ఇరవై ఇళ్లు ఎంచుకోండి. మూడు నెలలు ఆ ఇరవై ఇళ్లతోనే ఉండండి.

మొదటి వారం ఏమీ మార్చకుండా, ఒక స్ప్రింగ్ త్రాసు తీసుకుని ఆ ఇళ్ల చెత్త తూచండి. ఇంటికి రోజుకి తడి చెత్త అరకిలో వస్తుందనుకుంటే ఇరవై ఇళ్లకి పది కిలోలు, నెలకి మూడు వందల కిలోలు. ఈ లెక్క మీ వీధిదే అయి ఉండాలి, ఎక్కడో చదివింది చెప్తే ఎవరూ పట్టించుకోరు. మీ వీధి నుంచే నెలకి ఇన్ని కిలోలు బండెక్కి ఊరి బయటికి పోతోందంటే వింటారు.

తర్వాత ఇంటింటికీ వెళ్లండి. చాలామంది చేసే తప్పు ఇక్కడ ఒకటుంది. ఇంటాయనతో గుమ్మం దగ్గర మాట్లాడేసి వచ్చేస్తారు, చెత్త కవరు కట్టేది మాత్రం పనికి వచ్చే అమ్మాయో, అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్ భార్యో. వాళ్లతో కూర్చుని మాట్లాడండి, "ఏమ్మా, నీకు ఎలా అయితే తేలిక?" అని అడగండి. మాకు ఒకావిడ ఇచ్చిన సలహా వల్లే రెండు డబ్బాలూ పక్కపక్కన కాకుండా తడి డబ్బా సింకు కింద, పొడి సంచి తలుపు వెనక పెట్టించాం, అప్పటి నుంచి కలవడం బాగా తగ్గింది. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి పైన పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. పగిలిన గాజు, బ్లేడ్లు, సూదులు పాత డబ్బాలో వేసి మూత బిగించి ఇవ్వాలి. ఒక్క రోజు చెత్త బండి దగ్గర నిలబడి, ఆ అన్న గ్లవ్స్ లేని చేతులతో మన కవర్లు విప్పడం చూస్తే ఈ మాట రెండోసారి ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాదు.

"మేము విడిగా ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారు కదా" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. కొన్ని రోజులు అది నిజం కూడా. అందుకని ఇంటివాళ్లకంటే ముందే బండివాళ్లతో, మేస్త్రీతో మాట్లాడుకోండి, ఈ వీధిలో ఫలానా తేదీ నుంచి విడిగా వస్తుందని. పొడి చెత్తలో అమ్ముడుపోయే అట్టలు, సీసాలు, ఇనుము వాళ్లనే తీసుకోమనండి. ఇంకో మార్గం, తడి చెత్తని అసలు బండి ఎక్కనివ్వకపోవడం.

దానికి ఎరువు తొట్లు కట్టాలి. ఇరవై ఇళ్లకి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న తొట్లు మూడు సరిపోతాయి. ఇటుకల మధ్య గాలి ఆడేలా సందులు వదిలి కట్టించండి, పైన వాన పడకుండా రేకు వేయండి. ఒక బకెట్ తడి చెత్త వేస్తే దాని మీద ఒకటిన్నర నుంచి రెండు బకెట్ల ఎండుటాకు పడాలి. వాసన వచ్చిందంటే ఎండాకు తక్కువైందనో, నీళ్లు ఎక్కువయ్యాయనో అనుకోండి. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతకంటే కారితే ఆకు కలిపి తిరగేయాలి, పొడిగా ఉంటే నీళ్లు చిలకరించాలి. మన ఊరి మే నెలలో రెండు రోజులు వదిలేస్తే ఎండిపోయి పనే ఆగిపోతుంది. మొదట్లో పుల్లటి మజ్జిగ, కొంచెం బెల్లం నీళ్లు కలిపి చల్లితే త్వరగా అందుకుంటుంది. ఒక తొట్టి నిండటానికి నెల పడుతుంది, రెండోది, మూడోది నిండేసరికి మొదటిది ఎరువు అయిపోతుంది. తెల్లటి పురుగులు కనిపిస్తే భయపడి ఫినాయిల్ పోయొద్దు, అవి చెత్తని తినేవే, పైన ఆకు పరిస్తే తగ్గుతాయి.

ఎండుటాకు ఎప్పుడూ దొరకదు. ఫిబ్రవరి, మార్చిలో వేప, బాదం ఆకు రాలేటప్పుడు తగలబెట్టనివ్వకుండా గోనె సంచుల్లో నింపి దాచుకోండి, అది వానాకాలమంతా వస్తుంది. తగ్గితే చెరకు రసం బండి దగ్గర పిప్పి అడగండి, ముక్కలు చేసి వేస్తే బాగానే పనిచేస్తుంది. చేపల పొట్టు, రొయ్యల పొట్టు, ఎముకలు తొట్టిలో వేయొద్దు, కుక్కలు, పందికొక్కులు వస్తాయి. మామిడికాయల రోజుల్లో టెంకలు విడిగా తీసేయండి, ఆర్నెల్లయినా అలాగే ఉంటాయి.

5. ఏ నెలలో ఏ పని

ఎండాకాలంలో కాలువలకి నీళ్లు కట్టేస్తారు కదా, అప్పుడు ఏలూరు కాలువ, బందరు కాలువ అడుగున ఏడాది పాటు మనం వేసినదంతా బయటపడుతుంది. గట్ల పక్కన ఉండే కమిటీలకి పని చేయడానికి ఏడాదిలో అదొక్కటే అనువైన కాలం. జలవనరుల శాఖకి మార్చిలోనే అర్జీ పెట్టి, అనుమతి తీసుకుని, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పూట రెండు గంటలు మాత్రమే పెట్టుకోండి. జూన్‌లో డెల్టాకి నీళ్లు వదిలేలోపు, తీసింది గట్టు మీద మిగలకుండా లారీ ఎక్కాలి. వీధి సైడు కాలువల పూడిక కూడా మే లోపలే.

మొక్కలు తొలకరి పడ్డాకే నాటండి. జూన్ 5 పర్యావరణ దినోత్సవం అని ఆ ఎండలో నాటి ఫోటో దిగితే వారానికే వాడిపోతాయి, ఆ రోజు గుంతలు తవ్వుకోండి, నాటడం వాన పడ్డ తర్వాత. తీగల కింద పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు లాంటివి, చోటు ఉన్న దగ్గర వేప, కానుగ. ఒక్కో మొక్కకి ఎదురింటివాళ్ల పేరు రాసి, మూడు ఎండాకాలాలు నీళ్లు పోసే బాధ్యత వాళ్లకి ఒప్పచెప్పండి. నీళ్లు పోసేవాళ్లు దొరికినన్ని మొక్కలే నాటండి, పది దొరికితే పదే.

ఇంకుడు గుంతల గురించి ఒక లెక్క చెప్పాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఐదు వేల లీటర్లు, ఒక ట్యాంకరు నీళ్లు, గంట రెండు గంటల్లో మీ సైడు కాలువలోకి దూకుతాయి. వీధిలో ముప్పై డాబాలుంటే ఎంతో మీరే చూడండి. అయితే అన్ని చోట్లా గుంత పనికిరాదు. నల్లరేగడి మట్టి ఉన్న చోట పైపైన తవ్విన గుంత నిండిపోయి దోమలకి ఇల్లవుతుంది, కింద ఇసుక పొర తగిలే దాకా బోరు వేయించి ఆ పైన గుంత కట్టాలి. పల్లపు చోట, వానాకాలంలో నాలుగడుగులకే నీళ్లు ఊరే చోట తవ్వడం దండగ. అలాంటిచోట డాబా నీళ్లని డ్రమ్ముల్లో, సంపుల్లో పట్టుకుని వాడుకోవడమే మంచిది.

6. పెళ్లిళ్లు, పూజలు, అన్నదానాలు

కాలువలో ఇరుక్కున్నదాంట్లో ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ ప్లేట్లు చాలా ఉంటాయి. 2022 జూలై 1 నుంచే వీటిని తయారుచేయడం, అమ్మడం, వాడడం దేశమంతా నిషేధం. కానీ నిషేధం అని ఫంక్షన్ జరుగుతున్న ఇంటికి వెళ్లి చెప్పలేం, చెప్పకూడదు కూడా. కమిటీ డబ్బుతో రెండు వందల స్టీలు కంచాలు, గ్లాసులు, కొన్ని గరిటెలు, బేసిన్లు కొని ఒక ఇంట్లో ఉంచండి. ఫంక్షన్ చేసుకునేవాళ్లు కొంత అడ్వాన్సు కట్టి తీసుకెళ్లి, తోమి తెచ్చిస్తే అడ్వాన్సు వెనక్కి. మా దగ్గర మొదటి నెల ఎవరూ అడగలేదు. తర్వాత ఒక తద్దినానికి ఒకరు తీసుకెళ్లారు, ఆ ఇంట్లో భోజనం చేసినవాళ్లే తర్వాత వచ్చి అడిగారు. తోమడానికి ఇద్దరు మనుషుల్ని కూడా మాట్లాడి పెట్టండి, కూలి ఎంతో ముందే ఖాయం చేసి, ఎందుకంటే జనం వెనకాడేది కంచాల గురించి కాదు, తోమడం గురించి. వినాయక చవితికి మట్టి బొమ్మల ఆర్డరు నెల ముందే ఇవ్వకపోతే చివరి రోజు రంగుల బొమ్మే దొరుకుతుంది.

7. నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ

మనుషులు మానేస్తారు. మూడో నెలకి పదకొండు మందిలో ఐదుగురు మిగులుతారు, పరీక్షలని పిల్లలు రారు, ఇల్లు మారి ఒకరు వెళ్లిపోతారు. ఎవర్నీ నిలదీయకండి, గ్రూపులో ఎత్తిపొడుపు మాటలు పెట్టకండి, మళ్లీ వచ్చిన రోజు చీపురు చేతికివ్వండి. ఎవరు వచ్చినా రాకపోయినా ఆగకూడనిది ఒకటుంది, అది కొలత.

మీ వీధిలో అన్నింటికంటే పల్లంగా ఉన్న చోట, కల్వర్టు పక్క గోడ మీద అంగుళాల గీతలు పెయింటుతో వేయించండి. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ ఒకరు వెళ్లి వాన ఎప్పుడు ఆగింది, అప్పుడు నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయి, రోడ్డు ఎన్నింటికి తేలింది అని రాయండి. మా నోట్‌బుక్‌లో ఆ పని ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిది, గొడుగు వేసుకుని వాళ్ల నాన్నతో వెళ్తుంది. తర్వాతి అర్జీ రాసేటప్పుడు ఆ పేజీలు జిరాక్స్ తీసి జతపరచండి, వచ్చే మే నెలలో కాలువ వెంట నడవడానికి బయల్దేరేముందు కూడా అవే తెరిచి, నీళ్లు ఎక్కువసేపు నిలిచిన చోటు నుంచి మొదలుపెట్టండి.